రోజూ 40 కిలోమీటర్లకి యాక్టివా 110 ఆ, జూపిటర్ 110 ఆ?

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేట నుంచి మంగళగిరి, రోజూ రానూపోనూ. ఆదివారాలు అమ్మ కూడా నడుపుతుంది, కాళ్లు నేలకి ఆనాలి. ఏది మేలు?

జవాబు 1: సీటు ఎత్తు రెంటిదీ దాదాపు ఒకటేనండీ, 765 మి.మీ. దగ్గర. తేడా చక్రాల్లో. జూపిటర్‌కి రెండూ 12 అంగుళాలు, యాక్టివాకి వెనకది 10. గుంతలో చిన్న చక్రం ఎక్కువ దిగుతుంది, నడుముకి తెలుస్తుంది. నా ఓటు జూపిటర్‌కే. అమ్మగారి చేత షోరూంలోనే సెంటర్ స్టాండు వేయించి చూడండి.

జవాబు 2: ఏది కొన్నా అసలు ఖర్చు బెల్టు, రోలర్ల దగ్గరే (గేర్లు లేని స్కూటర్లో ఇంజను బలాన్ని చక్రానికి చేర్చేవి ఇవే). 20-24 వేల కిలోమీటర్లకి మార్చాలి, అంటే మీకు రెండేళ్లు. ఎక్సలేటరు తిప్పితే ఇంజను అరుస్తూ బండి లాగకపోతే బెల్టో క్లచ్చో జారుతున్నట్టే. ఇంజనాయిల్ కాకుండా గేరాయిల్ వేరే ఉంటుంది, కాస్తంతే, సర్వీసులో అడిగి మరీ మార్పించండి.

జవాబు 3: బెజవాడ వైపు వానల్లో వస్తే అండర్‌పాస్ నీళ్లలో దిగకండి. నీళ్లలో బండి ఆగిపోతే సెల్ఫ్ కొట్టొద్దు. ముందు ఎయిర్ ఫిల్టర్ తడిసిందేమో చూడాలి. ఇంజనాయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు కలిసినట్టే, మార్చాకే స్టార్టు.

ప్రశ్న: గాలి ఎంత పెట్టించాలి?

జవాబు 2: యాక్టివా అయితే ముందు 22 పీఎస్ఐ, వెనక 29, ఇద్దరెక్కితే వెనక 36. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు.