హాలోవీన్ అలంకరణలు ఇంట్లో చేస్తే నిజంగా చవకేనా?

ఫ్రిస్కో అమ్మ: పోయినేడాది చవగ్గా ఇంట్లోనే చేద్దామని క్రాఫ్ట్ షాపుకి వెళ్లాను. ఫెల్ట్ గుడ్డ, గ్లూ గన్, నల్ల పెయింట్, థర్మోకోల్ బంతులు... బిల్లు 64 డాలర్లు! సగం సామాను ఇంకా గరాజ్‌లోనే పడుంది. ఈసారి రెడీమేడ్ కొనేద్దామని మావారు, మనమే చేద్దామని పిల్లలు. మీరేమంటారు?

నేపర్‌విల్ అక్క: షాపు గడప తొక్కితే ఇక చవకెక్కడిదమ్మా! ఇంట్లో ఉన్నదాంతోనే చేయాలి. మా ఇంట్లో ఏటా గంజి దెయ్యాలే. రెండు లీటర్ల సోడా సీసా మీద ఊదిన బెలూన్ అంటించి, పైన పల్చటి ప్లాస్టిక్ కవర్ కప్పుతాను. రెండు కప్పుల నీళ్లలో నాలుగు చెంచాల కార్న్ స్టార్చ్ కలిపి, గరిటెకి అంటుకునేదాకా కాస్తాను. గోరువెచ్చగా అయ్యాక పాత పంచె ముక్కని అందులో ముంచి, గట్టిగా పిండేసి, బెలూన్ మీద పరిచి, అంచులు కుచ్చిళ్లుగా సర్దుతాను. మర్నాటికి గుడ్డ అట్టలా బిగుస్తుంది. బెలూన్ పగలగొట్టి సీసా తీసేసినా దెయ్యం నిలబడే ఉంటుంది. కళ్లకి నల్ల కాగితం చాలు.

రాలీ నాన్న: అక్కా, గంజి దెయ్యాలు మేమూ చేశాం. రాత్రి వాన పడింది, తెల్లారేసరికి మెట్ల మీద తడిగుడ్డలు! హోమ్ డిపో 2020లో 299 డాలర్లకి తెచ్చిన 12 అడుగుల అస్థిపంజరం లాంటివి కొనమనను. నేను హాలోవీన్ మర్నాడు, నవంబరు 1న సగం ధరకి, 20 డాలర్లకి చిన్నది కొన్నాను. ఐదేళ్లుగా అదే వాడుతున్నాం, అంటే ఏడాదికి 4 డాలర్లు. ఇద్దరం ఉద్యోగాలు చేసేవాళ్లం, ఒక శనివారమంతా దీనికే పోతే ఎలా?

నేపర్‌విల్ అక్క: లెక్క ఒప్పుకుంటాను తమ్ముడూ. వాన మాటా నిజమే, గంజి దెయ్యాలు కప్పున్న వరండాలోనో కిటికీ లోపలో ఉండాలి. కానీ శనివారం పోయిందని మాత్రం నేననను. మొన్న మా మామగారు వచ్చినప్పుడు ఆయన పాత పంచెతోనే చేశాం. దానికి మా చిన్నాడు "తాతయ్య దెయ్యం" అని పేరు పెడితే ఆయన రోజంతా నవ్వుతూనే ఉన్నారు. కొన్న బొమ్మతో మాకు ఆ రోజు దొరికేది కాదు.

ఒక్కటి మాత్రం చవకైనా కొనకండి: సాగదీసి పొదల మీద పరిచే తెల్ల సాలెగూడు. పక్కింటి పొదలో ఓ పిట్ట కాలు అందులో చిక్కుకుంటే కత్తెరతో ఒక్కో పోగూ కోసి విడిపించాం. చేతిలో దాని గుండె దడదడలాడటం ఇంకా మర్చిపోలేను. కావాలంటే లావు ఊలు దారంతో, వెడల్పు కన్నాలతో ఇంట్లోనే అల్లుకోండి.

శాన్ హోసే పిన్ని: 2024లో దీపావళీ హాలోవీనూ ఒకే రోజు, అక్టోబరు 31న వచ్చాయి. గుమ్మంలో ప్రమిదలు, వాటి పక్కనే గుడ్డ దెయ్యాలు పెట్టబోయి ఆఖరి నిమిషంలో ఆగాను. గుడ్డ దగ్గర బ్యాటరీ దీపాలే పెట్టండి, నిప్పు వద్దే వద్దు. ఇంకోటి, గుమ్మడికాయని కోస్తే ఎండకి నాలుగు రోజుల్లో బూజు పడుతుంది. వంటకి వాడే చిన్న గుమ్మడికాయ (pie pumpkin) తెచ్చి, కోయకుండా కాగితం కళ్లూ నోరూ టేపుతో అంటించండి. మర్నాడు దప్పళంలో వేసుకోవచ్చు. ముఖాలు చెక్కడానికి అమ్మే పెద్దకాయలు కూరకి పనికిరావు, నీరూ పీచూ ఎక్కువ.

ఫ్రిస్కో అమ్మ: థాంక్స్ అక్కా, పిన్నీ. గాలన్ పాల డబ్బాలు నాలుగు కడిగి ఆరబెట్టాను. మార్కర్‌తో కళ్లు గీసి, లోపల దీపావళి ఎల్‌ఈడీ తోరణం దూర్చి మెట్ల మీద పెడతాం. రాలీ అన్నయ్యగారూ, అస్థిపంజరం సంగతి నవంబరు 1న మావారికి అప్పజెప్తాను. అక్కా, కార్న్ స్టార్చ్ లేకపోతే అన్నం వార్చిన గంజి సరిపోతుందా?

నేపర్‌విల్ అక్క: ఒట్టి వార్పు గంజి పల్చనమ్మా, నిలబడదు. సగానికి సగం మరగనిచ్చి చూడు.