మొదటి కారు: కొత్త సోనెట్ కొనాలా, బంధువుల పాత సెల్టోస్ తీసుకోవాలా? కియా చరిత్ర తెలిసినవారు కూడా చెప్పగలరు

ప్రశ్న: అనంతపురం నుంచి ఒక ఉపాధ్యాయురాలు

అందరికీ నమస్కారం. నేను అనంతపురం శివారులోని ఒక ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. మా ఇంట్లో ఇంతవరకు కారు లేదు. ఇప్పుడు కొనాలని నిర్ణయించుకున్నాము కాబట్టి అనుభవం ఉన్నవారి మాట వినాలని ఇక్కడ రాస్తున్నాను.

ఏ కంపెనీ పేరు ఎత్తినా మా నాన్నగారి మాట చివరికి కియా దగ్గరికే వస్తుంది. పెనుకొండ పక్కన ఎర్రమంచి చుట్టుపక్కల పొలాల్లో వేరుశనగ విత్తి ఆకాశం వైపు చూసిన రోజులు ఆయనకు తెలుసు. హంద్రీ-నీవా కాలువ మీదుగా గొల్లపల్లి రిజర్వాయరుకు కృష్ణా నీళ్లు చేరడమూ, ఆ తరువాత అక్కడ కార్ల కర్మాగారం లేవడమూ ఆయన కళ్లారా చూశారు. "మన సీమ నేలమీద తయారైన బండి మన వాకిట్లో ఉండాలమ్మా" అని ఆయన అంటే కాదనడం నాకు కష్టంగానే ఉంది. అయితే ఐదేళ్లపాటు జీతంలోంచి కంతులు కట్టవలసింది నేను కనుక, అభిమానం ఒక్కటే చూసుకుని సంతకం పెట్టలేను.

మా ముందు రెండు దారులు ఉన్నాయి, రెండూ కియా బండ్లే. ఒకటి కొత్త సోనెట్ పెట్రోలు బండి. రెండవది మా చిన్నాన్నగారి అబ్బాయి అమ్మదలచిన 2020 నాటి సెల్టోస్ డీజిల్, మాన్యువల్ గేరు, ఇప్పటికి 62 వేల కిలోమీటర్లు తిరిగింది. మా వాడకం ఇలా ఉంటుంది: బడికి పోను రాను 14 కిలోమీటర్లు, నెలకు ఒకసారి బెంగళూరులో ఉన్న మా తమ్ముడి ఇంటికి, ఏడాదికి రెండుసార్లు తిరుపతికి. అమ్మ, నాన్న, మా వారు, మా పాప, నేను, అందరం కలిసే ప్రయాణం చేస్తాము.

ఇంకొక సంగతి కూడా అడగాలి. మా తాతగారు ధర్మవరంలో సైకిళ్లు బాగుచేసేవారు. కియా కూడా సైకిల్ భాగాలతోనే మొదలైందని చదివినప్పుడు నాకు సంతోషం కలిగింది. కానీ అది ఒకసారి దివాలా తీసిన కంపెనీ అని మా తోటి ఉపాధ్యాయుడు ఒకరు హెచ్చరించారు. ఈ రెండింటిలో ఏది నిజం? అలాంటి కంపెనీ బండిని పదేళ్లు నమ్ముకోవచ్చా?

జవాబు: కడప నుంచి, అర్థశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఒక అధ్యాపకుడు

అమ్మా, మీరు విన్న రెండు మాటలూ నిజమే.

1944 డిసెంబరులో, కొరియా ఇంకా జపాను ఏలుబడిలో ఉండగా, కిమ్ చుల్-హో అనే ఆయన సియోల్ నగరంలో ఉక్కు గొట్టాలు, సైకిల్ భాగాలు చేసే కార్ఖానా పెట్టారు. అప్పటి దాని పేరు క్యోంగ్‌సంగ్ ప్రెసిషన్ ఇండస్ట్రీ. కొరియా యుద్ధం జరుగుతున్న 1952లోనే ఆ కార్ఖానా నుంచి 'సమ్‌చుల్లి' అనే సైకిలు వచ్చింది. ఆ దేశంలో తయారైన మొదటి సైకిలుగా దానిని చెప్పుకుంటారు. సమ్‌చుల్లి అంటే మూడు వేల 'రి'లు ('రి' అక్కడి దూరపు కొలత), అంటే తమ దేశం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉన్న దూరానికి కొరియా వాళ్లు వాడే మాట. దేశం యుద్ధంలో నలుగుతున్నప్పుడు ఒక సైకిలుకు ఆ పేరు పెట్టుకున్న మనిషి గురించి తరగతిలో చెప్పినప్పుడల్లా నా గొంతు కొంచెం మారేది. కియా అన్న పేరు కూడా అదే ఏడాది వచ్చింది. 'కి' అంటే లేవడం, 'ఆ' అంటే ఆసియా, రెండూ కలిసి ఆసియా నుంచి పైకి లేవడం అన్న అర్థం వస్తుంది.

తరువాత స్కూటర్లు, హోండా లైసెన్సుతో మోటారు సైకిళ్లు, 1962లో మాజ్డా సహాయంతో కె-360 అనే మూడు చక్రాల ట్రక్కు వచ్చాయి. 1973లో సోహారిలో కొరియాకు మొదటిదైన సమగ్ర మోటారు వాహనాల కర్మాగారం పూర్తయింది. ఆ సంవత్సరమే కిమ్ చుల్-హో మరణించారు. మరుసటి ఏడాది వచ్చిన బ్రీసా కారు మాజ్డా ఫమీలియా ఆధారంగా చేసింది. ఇతరుల నమూనా తీసుకుని చేసినదంటూ కొందరు దీనిని తక్కువ చేసి మాట్లాడుతారు గానీ, లైసెన్సు రుసుము కట్టి, ఎదుటివాడి బండిని విప్పి బిగించి, కొన్నాళ్లకు సొంతంగా చేయగలగడం అన్నది పారిశ్రామికంగా వెనుకబడిన ఏ దేశమైనా నడవవలసిన దారే అని నా అభిప్రాయం.

అసలు పరీక్ష 1981లో వచ్చింది. చున్ డూ-హ్వాన్ సైనిక ప్రభుత్వం వాహన పరిశ్రమను తానే పంచిపెట్టి, ఎవరు ఏది చేయాలో శాసించింది. ఆ పంపకంలో కియా కార్లు చేయకూడదు, చిన్న ట్రక్కులు, వ్యాన్ల వంటివి మాత్రమే చేసుకోవాలి. కార్ల కోసం కట్టిన కర్మాగారం, కార్లు చేయడం నేర్చిన కార్మికులు ఉండగా కార్లే చేయవద్దంటే ఆ సంస్థ ఏమైపోవాలి? అప్పుడు దానిని నిలబెట్టినది 'బోంగో' అనే వ్యాన్. మన పల్లెల్లో టెంపో, ట్రాక్స్ చేసిన పనిని అక్కడ బోంగో చేసింది. సరుకులు, మనుషులు, పెళ్లి బృందాలు, బడిపిల్లలు అన్నీ అందులోనే తిరిగాయి. ఏ కంపెనీ వ్యాన్‌నైనా బోంగో అని పిలిచేంతగా ఆ పేరు జనం నోట్లో నాటుకుంది. ఆ ఆంక్షలు సడలిన తరువాత, 1987 నాటికి ప్రైడ్ అనే చిన్న కారుతో కియా మళ్లీ కార్లలోకి వచ్చింది. ఆ కారు రూపకల్పన మాజ్డాది, తయారీ కియాది. అమెరికాలో దానిని ఫెస్టివా పేరుతో అమ్మినది ఫోర్డ్.

మీ తోటి ఉపాధ్యాయుడు చెప్పిన దివాలా 1997 నాటిది. అప్పుల భారంతో కుంగి ఉన్న కియా ఆసియా ఆర్థిక సంక్షోభపు ఏడాదిలోనే కూలిపోయింది. 1998లో హ్యుందాయ్ ముందుకు వచ్చి 51 శాతం వాటా కొన్నది. ఇప్పుడు హ్యుందాయ్ వాటా దాదాపు మూడో వంతుకు తగ్గినా రెండూ ఒకే గొడుగు కింద ఉన్నాయి. అందువల్ల 1997లో పడిపోయిన కియానూ, ఇప్పుడు మీరు కొనబోయే కియానూ ఒకటిగా చూడకండి. హ్యుందాయ్ వారి క్రెటా, కియా సెల్టోస్ ఒకే కుదురు నుంచి వచ్చిన బండ్లు. హ్యుందాయ్ వెన్యూ, కియా సోనెట్ కూడా అంతే. ఇంజన్లు, గేరు పెట్టెలు చాలావరకు ఉమ్మడివి. రూపం మాత్రం వేరు, ఎందుకంటే 2006లో ఆడీ, ఫోక్స్‌వ్యాగన్‌లలో పనిచేసిన కార్ల డిజైనర్ పీటర్ ష్రయర్‌ను కియా తెచ్చుకుంది. పులి ముక్కును తలపించే ముందు గ్రిల్లు ఆయన కాలంలో వచ్చినదే. 2007లో స్లొవేకియాలోని జిలినా కర్మాగారంలో తయారైన సీడ్ కారుకు ఐరోపాలో ఏడేళ్ల వారంటీ ఇచ్చారు. ఒకసారి కూలిన సంస్థ తన మాటను జనం నమ్మడానికి ఎంత దూరం వెళ్లవలసి వచ్చిందో దానిని బట్టి తెలుస్తుంది.

మన దగ్గరి కథ మీకు తెలిసినదే. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం, 536 ఎకరాలు, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల బండ్ల సామర్థ్యం. 2019 ఆగస్టులో సెల్టోస్ మార్కెట్టులోకి వచ్చింది, 2023 జులైలో పదిలక్షలవ బండి బయటికి వచ్చింది. ఆ ఊళ్లు ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నా మీ నాన్నగారికి అది అనంతపురమే అయి ఉంటుంది, నాకూ అంతే. ఆయన గర్వం న్యాయమైనది. కానీ ఏ బండి మీ ఇంటికి సరిపోతుందో చెప్పడానికి కర్మాగారం ఉన్న చోటు పనికిరాదు. ఆ మాట బండి నడిపేవారు చెబితేనే బాగుంటుంది.

జవాబు: కర్నూలు నుంచి ఒక సెల్టోస్ డీజిల్ యజమాని

మేడమ్, నేను విత్తనాల వ్యాపారంలో పనిచేస్తాను. వారంలో నాలుగు రోజులు నంద్యాల, ఆదోని, డోన్ వైపు తిరుగుతాను. 2019 చివర్లో కొన్న నా సెల్టోస్ ఇప్పటికి 1,18,000 కిలోమీటర్లు నడిచింది. 44వ నంబరు జాతీయ రహదారి మీద గంటకు 90 కిలోమీటర్ల దగ్గర నిలకడగా పోతే లీటరుకు 20 దాకా ఇస్తుంది, కర్నూలు ఊళ్లో 15 లేక 16. ఐదుగురు కూర్చుని, వెనుక సంచులు నింపి, గుత్తి దాటాక వచ్చే ఎత్తుల్లో లారీని దాటవలసి వచ్చినా ఇంజన్ ఆయాసపడదు. 1.5 లీటర్ల ఇంజన్‌కు 250 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం, ఉండటమే దానికి కారణం. వానాకాలంలో నల్లరేగడి పొలం దారుల్లో కూడా బండి ఎత్తు నాకు బాగా ఉపయోగపడింది. ఏప్రిల్, మే నెలల్లో గాలి ఆడే సీట్ల విలువ ఏమిటో కర్నూలు వాళ్లకు ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

ఇంత మెచ్చుకున్న తరువాత కూడా, మీరు చెప్పిన వాడకానికి డీజిల్ తీసుకోవద్దనే నా సలహా. బీఎస్-6 అనే కాలుష్య ప్రమాణానికి తగ్గట్టు చేసిన డీజిల్ బండ్లలో, ఏ కంపెనీదైనా సరే, పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఒకటి ఉంటుంది, దానిని డీపీఎఫ్ అంటారు. అందులో చేరిన మసి కాలిపోవాలంటే బండి పదిహేను, ఇరవై నిమిషాలు ఆగకుండా మంచి వేగంతో నడిచి ఫిల్టర్ బాగా వేడెక్కాలి. రోజూ ఏడు కిలోమీటర్లు వెళ్లి ఆపితే అది వేడెక్కే లోపే మీ బడి వస్తుంది. కరోనా రోజుల్లో నేను ఊరు దాటకుండా నెలల తరబడి కూరగాయలకు, మందులకు మాత్రమే బండి తీసినప్పుడు ఆ హెచ్చరిక దీపం వెలిగింది. డోన్ దాకా ఒకసారి వెళ్లి వచ్చాక ఆరిపోయింది. మీకు నెలకు ఒక బెంగళూరు ప్రయాణం ఉంది కానీ, మిగిలిన రోజులన్నీ చిన్న దూరాలే కదా.

సెల్టోస్ సస్పెన్షన్ కొంచెం గట్టిగా ఉంటుందని చాలామంది యజమానులు అంటారు. పెద్దవారిని వెనుక కూర్చోబెట్టి గతుకుల దారిలో ఒకసారి నడిపి చూడండి. సోనెట్ నాలుగు మీటర్ల లోపు బండి కాబట్టి వెనుక ముగ్గురు పెద్దవాళ్లకు ఇరుకుగా ఉంటుంది. మీ పాప చిన్నపిల్ల అయితే సరిపోవచ్చు, ఎదిగిన పిల్ల అయితే ఆలోచించవలసిందే.

జవాబు: అనంతపురంలో కార్ల మెకానిక్‌గా ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న ఒకరు

అక్కా, భద్రత సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. 2020లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ రెండు ఎయిర్‌బ్యాగులున్న సెల్టోస్‌ను గుద్ది పరీక్షించినప్పుడు పెద్దల రక్షణకు ఐదింటికి మూడు నక్షత్రాలు, పిల్లల రక్షణకు రెండే వచ్చాయి. గుద్దినప్పుడు బండి బాడీ స్థిరంగా నిలవలేదని ఆ నివేదిక చెప్పింది. ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని రకాల సెల్టోస్‌లకూ తప్పనిసరిగా ఇవ్వడం 2022లో మొదలైంది. అందుచేత మీ తమ్ముడి వరసైన అబ్బాయి బండి ఏ వేరియంటో, అందులో ఎన్ని ఎయిర్‌బ్యాగులు ఉన్నాయో ముందు తెలుసుకోండి. 2024లో మారిన సోనెట్‌లో కింది రకం నుంచే ఆరు ఉన్నాయి. పాపను తీసుకుపోయే బండి కనుక నేనైతే ధర కంటే ముందు దీనినే చూస్తాను.

బంధువుల బండే కదా అని పరీక్ష చేయించకుండా తీసుకోకండి. ఈ మధ్య నా దగ్గరికి ఒకాయన కొన్న పాత కారు వచ్చింది. మీటరులో 40 వేలు చూపిస్తోంది గానీ క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు అరిగిన తీరు చూస్తే లక్ష దాటిందని తెలిసిపోతోంది. మీవాళ్లు అలా చేశారని నేను అనడం లేదు. సర్వీసు చేసిన ప్రతిసారీ కిలోమీటర్లు నమోదవుతాయి కాబట్టి ఆ చరిత్ర మొత్తం తీయించండి. ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించి పొగ రంగు చూడండి. క్లచ్, టైర్ల మీద తయారీ తేదీ, బీమా క్లెయిముల వివరం కూడా చూసుకోవాలి.

పన్ను లెక్క కూడా గమనించండి. 2025 సెప్టెంబరు 22 నుంచి, నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజన్ ఉన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతమే. సోనెట్‌లోని 1.2 లీటర్ల ఇంజన్, ఒక లీటరు టర్బో రెండూ ఆ లెక్కలోకే వస్తాయి. ఐదుగురితో ఏసీ వేసుకుని తరచుగా బెంగళూరు పోయేవారికి టర్బో హాయిగా ఉంటుంది. బడికే ఎక్కువ అనుకుంటే 1.2 చాలు, దాని మరమ్మతు కూడా సులభం.

ప్రశ్న అడిగినవారు:

పెద్దలకు, తమ్ముళ్లకు ధన్యవాదాలు. మా పాపకు ఎనిమిదేళ్లు. చిన్నాన్నగారి అబ్బాయికి ఫోన్ చేసి అడిగాను, అతని సెల్టోస్‌లో ఎయిర్‌బ్యాగులు రెండే ఉన్నాయి. అందుచేత ఆ బండి వద్దని అతనికి మర్యాదగా చెప్పాను, అతనూ నొచ్చుకోలేదు. నాన్నగారికి కడప మాస్టారు రాసిన జవాబంతా చదివి వినిపించాను. సమ్‌చుల్లి సైకిలు దగ్గర ఆపమని, ఆ వాక్యాన్ని మళ్లీ చదివించుకున్నారు. తాతగారి దుకాణంలోని పాత స్పోక్ బిగించే పానా ఇప్పటికీ ఆయన పెట్టెలో ఉంది.

ఈ ఆదివారం అమ్మను, నాన్నను, పాపను ముగ్గురినీ వెనుక కూర్చోబెట్టి సోనెట్‌ను, రెండు ఇంజన్లతోనూ, బుక్కరాయసముద్రం చెరువు కట్ట వైపు నడిపి చూస్తాము. అమ్మకు మోకాళ్ల నొప్పి ఉంది, కాబట్టి ఆమె సులభంగా ఎక్కి దిగగలిగితేనే బుక్ చేస్తాము.