సముద్రపు ఒడ్డున ఉన్న ఇంటికి ధర కట్టడం ఎలా?

ప్రశ్న (విజయనగరం నుంచి)

అందరికీ నమస్కారం. గార మండలంలో, కళింగపట్నానికి దగ్గరగా, మా తాతగారు కట్టించిన పెంకుటిల్లు ఒకటి ఉంది. అందులో తన వాటాను నాకు అమ్మడానికి మా పెదనాన్నగారి అబ్బాయి సిద్ధంగా ఉన్నారు. ఆయన అడుగుతున్నది ఊళ్లో నడుస్తున్న ధరే కాబట్టి దాని మీద నాకు అభ్యంతరం లేదు. అయితే నా చిన్నతనంలో పెరటి గుమ్మంలో నిలబడితే ఇసుక దిబ్బ, దాని మీద మొగలి పొదలు మాత్రమే కనిపించేవి; అలల హోరు వినపడేదే తప్ప సముద్రం కనపడేది కాదు. ఇప్పుడు అదే గుమ్మంలోంచి తీరం కనిపిస్తోంది, బావి నీళ్లు వేసవిలో ఉప్పగా మారుతున్నాయి. విలువ కట్టడానికి వచ్చిన ఇంజనీరు గారు గోడలనూ, దూలాలనూ, గజాలనూ కొలిచి రాసుకున్నారు గానీ నీటి గురించి ఒక్క మాటా అడగలేదు. ఈ ముప్పును ధరలో ఎలా లెక్కించాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (సోంపేట నుంచి)

అయ్యా, ప్రపంచ సముద్ర మట్టం 1901 నుంచి 2018 వరకు దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగింది; అందులో 2006 నుంచి 2018 వరకు ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతూ వచ్చింది. అంటే ఐదేళ్లకు ఒక వేలి వెడల్పు. ఇది చిన్నదిగా తోస్తుంది గానీ, తుఫాను నాటి ఉప్పెన ఆ పెరిగిన మట్టం మీదనుంచే లేస్తుంది. పైగా మీ ఊరు వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గర. పోటు సమయంలో సముద్రం ఎత్తుగా ఉంటే వరద నీరు మొగ దాటి పోలేక వెనక్కి తన్ని ఊళ్లలోనే నిలుస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గాలికి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకొరగడం అందరికీ గుర్తుంది. నీటి దెబ్బ మాత్రం త్వరగా మరుపున పడింది. మా ఇంటి గోడ మీద ఆనాటి నీటి చార గడపకు మూరెడు ఎత్తున ఇప్పటికీ ఉంది. రెండుసార్లు సున్నం వేసినా మళ్లీ పైకి తేలింది.

కాబట్టి తీరానికి ఎంత దూరమన్నది ఒక్కటే చూడకండి. దిబ్బ మీద ఉన్న ఇల్లు సముద్రానికి దగ్గరైనా నిలబడవచ్చు. తీరం నుంచి కిలోమీటరు లోపలికి ఉన్నా, బీల నేలలో (నీరు నిలిచే చిత్తడి పల్లంలో) మట్టి పోసి కట్టిన ఇల్లు మునగవచ్చు. బీల ఉన్నది నీటిని పట్టి ఉంచడానికే, దాన్ని పూడ్చిన చోట నీరు పక్కవారి గడప వెతుక్కుంటుంది. తిత్లీకి, 2021 నాటి గులాబ్‌కు నీరు ఎంతవరకు వచ్చిందో ఊరి పెద్దలనడిగి, గడప ఎత్తును దానితో పోల్చి చూసుకోండి.

జవాబు (పూసపాటిరేగ నుంచి)

పై వారు చెప్పినదానికి చట్టం, బీమా సంగతులు కలుపుతాను. తీర ప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు పోటు రేఖ నుంచి, అంటే పోటు నీరు చేరే హద్దు నుంచి, 500 మీటర్ల వరకు వర్తిస్తాయి. 2019 ప్రకటన ప్రకారం జనసాంద్రత తక్కువగా ఉన్న గ్రామాలలో మొదటి 200 మీటర్లలో కొత్త కట్టడాలకు అనుమతి లేదు. అనుమతితో కట్టిన పాత ఇంటిని ఉన్న కొలతలలోనే తిరిగి కట్టుకోవచ్చు. తీరం కోసుకుపోయేకొద్దీ ఆ రేఖ కూడా లోపలికి జరుగుతుంది. మీరు కొంటున్నది పడగొట్టి మేడ కట్టుకోగల స్థలమా, మరమ్మతు మాత్రమే చేసుకోగల ఇల్లా అన్న తేడాలోనే ధరలో సగం తేలిపోతుందని నా అభిప్రాయం.

2021 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీ తుఫానుకు, వరదకు, సునామీకి పరిహారం ఇస్తుంది. సముద్రపు కోత వల్ల నేల కుంగిపోవడాన్ని మాత్రం మినహాయించింది. మీ దిబ్బ కరగడం ఆ రెండో కోవలోకి వస్తుంది, కాబట్టి ఆ నష్టం పూర్తిగా మీదే. అమెరికాలో 2019లో వెలువడిన ఒక పరిశోధనలో, సముద్రం పెరిగితే మునిగే ఇళ్లు అలాంటివే అయిన ఇతర ఇళ్ల కన్నా సుమారు 7 శాతం తక్కువకు అమ్ముడవుతున్నట్టు తేలింది. మా వైపు భోగాపురం విమానాశ్రయం ఎంత దగ్గరన్నదే అందరూ అడుగుతున్నారు. నేల ఎంత ఎత్తున ఉందని అడిగినవారు నాకు ఇంతవరకు ఒక్కరూ తారసపడలేదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. వచ్చే పున్నమికి పోటు వేళ అక్కడే ఉండి, దిబ్బ నుంచి పెరటి గుమ్మం వరకు టేపుతో కొలుస్తాను. మా అన్నయ్యను కూడా వెంట తీసుకువెళుతున్నాను. ఆ కొలత ఇద్దరం కలిసి చూసిన తరువాతే ధర మాట్లాడుకుంటాము.