ఇప్పటి టెక్నోలో జీవం ఉందా?

క్యాసెట్‌కింగ్:
ఈమధ్య టెక్నో, అదే క్లబ్బుల్లో డ్యాన్స్ కోసం మెషీన్లతో చేసే సంగీతం, వింటుంటే ఒకే ట్రాక్‌ని పది పేర్లతో అమ్ముతున్నట్టుంది. అదే కిక్ (డ్రమ్ దెబ్బ), అదే బిల్డప్ (ఊపు పెంచడం), అదే డ్రాప్ (ఒక్కసారిగా బీట్ పడటం). వేగం మాత్రం నిమిషానికి 150 బీట్లు దాటించేశారు. 80లలో డెట్రాయిట్‌లో హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ చేసిన సంగీతంలో కార్ల ఫ్యాక్టరీలు మూతపడుతున్న ఊరి దిగులు వినిపించేది. ఇప్పుడు రెడీమేడ్ శబ్దాల శాంపిల్ ప్యాక్ దించుకుంటే చాలు, ట్రాక్ రెడీ.

నైట్‌షిఫ్ట్:
అన్నా, పరికరాల్ని తిట్టి లాభం లేదు. రోలాండ్ కంపెనీ టీబీ-303 అనే బేస్ సింథసైజర్‌ని 1981లో తెచ్చింది బేస్ గిటార్‌కి బదులుగా. అది సరిగ్గా అమ్ముడుపోలేదు, 1984కల్లా తయారీ ఆపేశారు. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరకబట్టే చికాగోలో ఫ్యూచర్ బృందం చేతికొచ్చింది, 1987లో టెక్నోకి దగ్గరి బంధువైన ఆసిడ్ హౌస్ రికార్డు బయటికొచ్చింది. అప్పుడూ అందరివీ అవే మెషీన్లు, అదే రోలాండ్ 909 డ్రమ్ మెషీన్ కిక్.

ఇంకో మాట. బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లోనే ఆ 303, 808 డ్రమ్ మెషీన్‌లతో రాగాలు వాయించి రికార్డు వేశాడు. అప్పట్లో పట్టించుకున్నవాళ్లు లేరు. 2010లో మళ్లీ విడుదలయ్యాకే గొప్ప పేరొచ్చింది. ఇవాళ్టి కొత్తదనం కూడా ఏ మూలో పడి ఉండొచ్చుగా? పాతకాలపు చెత్త ఎవరికీ గుర్తుండదు, అంతే తేడా.

క్యాసెట్‌కింగ్:
చరణ్‌జిత్ సింగ్ ఆ పెట్టెలో రాగం వెతికాడు బ్రో. ఇప్పటివాళ్లు రీల్ వెతుకుతున్నారు.

బెర్లిన్‌బాబు:
ఇక్కడ బెర్లిన్‌లో నాకు కనిపిస్తున్నది చెప్తా. పోయింది శబ్దం కాదు, టైమ్. ట్రెజోర్ క్లబ్ 1991లో ఒక పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ లాకర్ గదిలో మొదలైంది. బెర్లిన్ గోడ కూలిన కొత్తలో ఖాళీ భవనాలు బోలెడు, తెల్లారేదాకా అడిగే నాథుడు లేడు. ఇప్పటికీ కొన్ని క్లబ్బుల్లో ఒక్క డీజే గంటల తరబడి వాయిస్తాడు, అక్కడ జీవానికి లోటేం లేదు. ఫెస్టివల్‌లో మాత్రం ఒక గంట స్లాట్ ఇచ్చి, పైగా ఎదురుగా వెయ్యి ఫోన్లు. రాగాలాపన రెండు నిమిషాల్లో ముగించమంటే ఎవరైనా తారస్థాయిలోనే ఎత్తుకుంటారు. 2024లో బెర్లిన్ టెక్నోని జర్మనీ తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. సంతోషమే, కానీ అద్దెలు పెరిగి క్లబ్బులు మూతపడుతుంటే జాబితా ఏం చేస్తుంది?

నైట్‌షిఫ్ట్:
ఇది నేను ఒప్పుకుంటా. మరి క్యాసెట్‌కింగ్ అన్నా, ఈ ఏడాది మధ్యలో ఆపకుండా చివరిదాకా విన్న కొత్త సెట్ ఒక్కటి చెప్పు, అప్పుడు మాట్లాడుకుందాం.