రెంట్ల హీట్‌మ్యాప్‌లో అమీర్‌పేట మండిపోతోంది, గచ్చిబౌలి చల్లగా ఉంది, ఎందుకిలా?

బీటెక్_ఫైనలియర్:
ఫ్రెండ్స్, ప్రాజెక్ట్ కోసం హైదరాబాద్‌లో స్టూడెంట్స్ ఎక్కువగా ఉండే ఏరియాల రెంట్లు మ్యాప్ మీద పెడుతున్నాం. అమీర్‌పేట, ఎస్సార్ నగర్, దిల్‌సుఖ్‌నగర్, అశోక్‌నగర్, గచ్చిబౌలి తిరిగి టూలెట్ బోర్డులు చూసి, హాస్టళ్లలో అడిగి, అంతా ఎక్సెల్‌లో ఎక్కించి క్యూజీఐఎస్‌లో (మ్యాపులు గీసే ఫ్రీ సాఫ్ట్‌వేర్) పాయింట్లు వేశాం. సింబాలజీలో హీట్‌మ్యాప్ పెట్టి వెయిట్ దగ్గర రెంట్ కాలమ్ ఇస్తే అమీర్‌పేట ఎర్రగా, గచ్చిబౌలి లేత పసుపులో వస్తోంది. అసలు రేట్లు చూస్తే ఉల్టా ఉండాలి కదా! పైగా జూమ్ చేసిన ప్రతిసారీ రంగు మారిపోతోంది. గైడ్ సార్ ఫస్ట్ ఇదే అడుగుతారు, ఏం చెప్పాలి?

మ్యాపుల_పిచ్చి:
తమ్ముడూ, సాఫ్ట్‌వేర్ బాగానే ఉంది. హీట్‌మ్యాప్ దగ్గరదగ్గరగా ఉన్న పాయింట్లని కూడుతుంది అంతే, సగటు తీయదు. ఒక గల్లీలో 6000 బెడ్లు పది ఉన్నాయనుకో, కూడితే 60,000. ఇంకోచోట 14,000వి రెండే దొరికాయి, 28,000. ఏది ఎర్రగా వస్తుందో నువ్వే చెప్పు. అంటే నీ మ్యాప్ చూపిస్తోంది రెంటు కాదు, మీరు ఎక్కడ ఎక్కువ తిరిగారో అది 😀

జూమ్ గోల ఏంటంటే రేడియస్ (ఒక్కో పాయింట్ రంగు ఎంత దూరం పాకాలో) మిల్లీమీటర్లలో ఉంది, అది స్క్రీన్ కొలత. లేయర్‌ని మీటర్లలో కొలిచే యూటీఎం 44 నార్త్ కోఆర్డినేట్ సిస్టమ్‌కి (ఈపీఎస్‌జీ కోడ్ 32644) మార్చుకుని రేడియస్ మీటర్లలో ఇవ్వు. అంతకన్నా హీట్‌మ్యాప్ వదిలేసి క్రియేట్ గ్రిడ్‌లో షడ్భుజాల గడులు గీసి, జాయిన్ ఆట్రిబ్యూట్స్ బై లొకేషన్ (సమ్మరీ)తో గడికో మీడియన్ (రేట్లన్నీ వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది) తియ్యి. ఐదు కన్నా తక్కువ పాయింట్లున్న గడి గ్రే చేసెయ్.

నల్లకుంట_పిల్ల:
అదంతా తర్వాత, ముందు మీ ఎక్సెల్‌లో ఉన్న రేట్లన్నీ ఒకే రకమా? హాస్టల్ వాళ్లు చెప్పేది తలకి, ఫుడ్‌తో కలిపి. టూలెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే ఓనర్ చెప్పేది రూమ్ మొత్తానికి, కరెంట్ వేరే, మెయింటెనెన్స్ వేరే, అందులో ముగ్గురుంటారో నలుగురుంటారో మన ఇష్టం (ఆ ఓనర్ ఇష్టం కూడాను). టూ షేరింగ్, ఫోర్ షేరింగ్ కలిపేస్తే మీడియన్‌కి అర్థం లేదు. షేరింగ్‌కో కాలమ్, ఫుడ్ ఉందా లేదా ఇంకో కాలమ్, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లో ఎంత కోస్తారో అదీ పెట్టండి. ఏ నెలలో అడిగారో కూడా రాయండి, అశోక్‌నగర్‌లో గ్రూప్స్ నోటిఫికేషన్ పడ్డప్పుడు అడిగితే ఒక మాట, మామూలప్పుడు ఇంకో మాట.

ఇంకోటి, లేడీస్ హాస్టల్స్ పిన్నులు మాత్రం ఆన్‌లైన్‌లో పెట్టకండి ప్లీజ్, గడి రంగు ఒక్కటే చూపించండి చాలు. టూలెట్ బోర్డు మీది ఫోన్ నంబర్లు కూడా తీసేయండి.

కోడ్_బాబాయ్:
ఇంత కష్టం ఎందుకు, ఐడీడబ్ల్యూ ఇంటర్‌పోలేషన్ (దగ్గరి పాయింట్లని బట్టి మధ్య ఖాళీల్లో రేటు అంచనా వేసేది) కొడితే సిటీ మొత్తం నున్నగా రంగు వచ్చేస్తుంది కదా.

మ్యాపుల_పిచ్చి:
వస్తుంది బాబాయ్, హుస్సేన్ సాగర్ నీళ్ల మీద కూడా బెడ్ రేటు వస్తుంది 😂 కేబీఆర్ పార్క్‌లో నెమళ్లకి కూడా.

దానికి బదులు పైన మెట్రో లేయర్ వెయ్యండి, క్విక్‌ఓఎస్ఎం ప్లగిన్‌తో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి స్టేషన్లు దిగిపోతాయి. అమీర్‌పేటలో రెడ్ లైన్, బ్లూ లైన్ కలుస్తాయి. బ్లూ లైన్ రాయదుర్గంలో ఆగిపోతుంది, గచ్చిబౌలిలో ఉండేవాడికి అక్కణ్ణుంచి ఆటోనో బస్సో తప్పదు. ఆ ఖర్చు నెలకి లెక్కేసి రెంటుకి కలిపి ఇంకో మ్యాప్ తీస్తే గైడ్ సార్ ఇంకేం అడగరు.

బీటెక్_ఫైనలియర్:
అక్కా, అన్నా థాంక్స్. ఫుడ్ ఉన్న త్రీ షేరింగ్ ఒక్కటే తీసుకుని 500 మీటర్ల గడులతో చేశా, గచ్చిబౌలి ముదురు రంగులోకొచ్చింది, అమీర్‌పేట దిగిపోయింది. కాకపోతే దిల్‌సుఖ్‌నగర్‌లో సగం గ్రే అయిపోయింది, గడి సైజు పెంచొచ్చా?

మ్యాపుల_పిచ్చి:
800 పెట్టి చూడు, ఇంకా గ్రే ఉంటే ఆ గల్లీల్లో ఇంకోసారి తిరగండి. లెజెండ్‌లో మాత్రం గ్రే అంటే డేటా లేదు అని రాయి, లేకపోతే అక్కడ చౌక అనుకుంటారు.