పన్నెండేళ్ల మాత్ర: ఇప్పుడు మానాలా?

ప్రశ్న:
నాకు 71 ఏళ్లు. మా ఆవిడ పోయిన కొత్తలో నిద్ర పట్టక అడిగితే, డాక్టరు గారు నెల రోజులకని లోరాజెపామ్ 1 మి.గ్రా. రాశారు. ఆ నెల పన్నెండేళ్లయింది. మొన్న రాత్రి బాత్రూమ్‌కి లేచి గుమ్మం దగ్గర తూలి పడ్డాను. ఎముక విరగలేదు గానీ మోచేయి కమిలిపోయింది. “మానెయ్ నాన్నా” అంటుంది మా అమ్మాయి. రెండు రోజులు మానేసి చూశాను. చేతులు వణుకు, గుండె దడ, తెల్లవార్లూ జాగారమే. మళ్లీ వేసుకున్నాను. ఉన్నన్నాళ్లు ఇలాగే వేసుకుంటే పోలా?

జవాబు 1:
అయ్యా, ఒక్కసారిగా మాత్రం మానకండి, ఫిట్స్ రావచ్చు. నేను 68వ ఏట ఈ మాత్ర తగ్గించడం మొదలుపెడితే, పూర్తిగా మానడానికి పది నెలలు పట్టింది. డాక్టరు రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5–10 శాతం తగ్గిస్తూ వచ్చారు. నిద్ర పట్టని వారం వస్తే అక్కడే ఆగేవాళ్లం. చివరి పావు ముక్కే ఏడిపించింది! బ్లేడుతో కోస్తే సగం పొడైపోయేది. మాత్రలు కోసే డబ్బీ కొనుక్కోండి.

జవాబు 2:
వయసు అడ్డం కాదండీ. కెనడాలో 65 దాటినవాళ్లపై చేసిన ఎంపవర్ అధ్యయనం 2014లో వచ్చింది. మాత్ర సంగతి, తగ్గించే పద్ధతి రాసిన పుస్తకం ముందే అందుకున్నవాళ్లలో 27 శాతం మంది ఆరు నెలల్లో మానేశారు. అందనివాళ్లలో 5 శాతమే.

ప్రశ్న అడిగినవారు:
రెండు రోజుల్లో తేలిపోవాలనుకోవడం నా తొందరే. సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. మాత్రల డబ్బా ఇప్పటికైతే దిండు పక్కనే ఉంది.