'గుడ్ నైట్, అండ్ గుడ్ లక్' చూసినోళ్ళ ఫిర్యాదులు: సినిమా తప్పేది, హాలు తప్పేది?

బురుజు నీడ, కర్నూలు

కర్నూల్లో ఒక చిన్న హాల్లో 'గుడ్ నైట్, అండ్ గుడ్ లక్' వేసినారు. 2005లో జార్జ్ క్లూనీ తీసింది, 93 నిమిషాలు, మొత్తం తెలుపు నలుపే. 1950ల్లో అమెరికా సెనేటర్ మెకార్తీని ఎడ్వర్డ్ మర్రో అనే టీవీ జర్నలిస్టు నిలదీసిన కథ. 60 మంది దాకా చూసినారు. వచ్చే నెల అనంతపురంలో ఇదే పడుతుంది. అందుకని జనం అన్నవి ఉన్నవి ఉన్నట్టు పెడుతున్నా.

"బ్లాక్ అండ్ వైట్ అన్నారు, ఈ నీలం ఏంది?" "సెనేటర్ వేషం వేసినాయన ఓవరాక్షన్, పైగా ఆయన వచ్చినప్పుడల్లా బొమ్మ మసక." "అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే ఒక్క ముక్క వినపడలే, కింద తెలుగులో ఒత్తులు ఊడిపోయినాయి, సగం సినిమాకొచ్చేసరికి మనిషి నోరు మూసినాక మాట పడుతోంది." "కథ ఆఫీసు దాటదే, మధ్యలో ఆ పాటలామె ఎవరు?" ఆఖరున ఒక పెద్దాయన, "అరగంట టీవీ ప్రోగ్రాముకు సెనేటర్ పడిపోయినాడంటే నమ్మమంటారా?" అన్నాడు.

సామాన్లు చెప్తా: 3000 ల్యూమెన్ల (వెలుగు కొలత) డీఎల్‌పీ ప్రొజెక్టరు, లాప్‌టాప్, రెండు స్పీకర్లు. తెర లేదు, సున్నం గోడ మీదనే 12 అడుగుల వెడల్పు బొమ్మ. ఆ ఫిర్యాదుల్లో మనం సరిచేసుకోగలిగినవి ఏవి?

---

దీపం కింద, అనంతపురం

నీలానికి సినిమాతో సంబంధం లేదు. మొదట గోడను చూడండి. మన దిక్కు సున్నంలో నీలిమందు కలపనిది ఎవరు? పగలు చూస్తే మల్లెపువ్వు, ప్రొజెక్టరు వెలుగు పడితే నీలం. రంగుల సినిమాలో కన్ను సర్దుకుంటుంది. బూడిద రంగు బొమ్మలో రవ్వంత తేడా ఉన్నా దొరికిపోతుంది. తెర దొరక్కపోతే నీలిమందు కలపని తెల్ల మ్యాట్ ఎమల్షన్ రెండు కోట్లు వేయించండి. మెరిసే పెయింట్ వద్దు, నడుమ దీపంలాగా మచ్చ పడుతుంది. తెల్ల దుప్పటి కడతామంటారు కొందరు. అందులోనూ నీలిమందే, పైగా వెలుగు వెనక్కి కారిపోతుంది.

రెండోది ప్రొజెక్టరు. డబ్బా మీద రాసిన 3000 ల్యూమెన్లు 'బ్రైట్' మోడ్‌లో లెక్క. ఆ మోడ్‌లో బొమ్మ పచ్చగా కొడుతుంది, ఎందుకంటే ఈ లాంపుల్లో ఎరుపు తక్కువ, ఆకుపచ్చ ఎక్కువ. 'సినిమా' మోడ్‌కు మార్చి కలర్ టెంపరేచర్ 6500 దగ్గర పెట్టండి. అప్పుడు వెలుగు దాదాపు సగానికి పడిపోతుంది, అంటే చేతికొచ్చేది 1500. మీ బొమ్మ 12 అడుగుల వెడల్పు, ఆరున్నర ఎత్తు, అంటే 78 చదరపు అడుగులు. చదరపు అడుగుకు 16 ల్యూమెన్లు ఉంటే సినిమా హాలు వెలుగు, అంటే 1250 కావాల. చాలుతుంది గానీ అంచు మీద ఉంది, లాంపు పాతదైతే చాలదు. 10 అడుగులకు తగ్గించండి. 54 చదరపు అడుగులకు 870 సరిపోతుంది.

శాచురేషన్ సున్నా చేస్తే రంగు పోతుందని కొందరు చెప్తారు. పోదు. ఫైల్‌లో ఉన్న రంగు పోతుందంతే, ప్రొజెక్టరు తనంతట తాను కలిపే పచ్చదనం అట్లనే ఉంటుంది. దానికి పది మెట్ల బూడిద పట్టీ బొమ్మ ఒకటి తెర మీద వేసి, వెలుగు మెట్లను 'గెయిన్'తో, చీకటి మెట్లను 'ఆఫ్‌సెట్' లేదా 'బయాస్'తో సరిచేయాల. ఆకుపచ్చ గెయిన్ రెండు మూడు అంకెలు తగ్గిస్తే చాలాసార్లు అక్కడికే సరి. పైన గెయిన్ ముట్టుకుంటే కింద కదులుతుంది కాబట్టి రెండు మూడు దఫాలు తిరగాల.

నలుపు బూడిదగా కనపడినా, చీకట్లో కోట్లు గుడ్డల మూటల్లా కలిసిపోయినా అది హెచ్‌డీఎంఐ రేంజ్ గొడవ, అంటే వైరులో వచ్చే నలుపు తెలుపు హద్దులు రెండు పక్కలా కలవడంలేదు. లాప్‌టాప్ 'ఫుల్' పంపుతూ ప్రొజెక్టరు 'లిమిటెడ్' అనుకుంటే నీడలు మునిగిపోతాయి, తిరగబడితే అంతా తెల్లబారుతుంది. రెండు చోట్లా ఒకటే పెట్టండి. ఈ సినిమాలో దాదాపు ప్రతి సీన్లో సిగరెట్ పొగ ఉంది. ఫైల్ నాసిరకమైతే ఆ పొగ మెట్లు మెట్లుగా, పలకలుగా విరుగుతుంది. బ్లూరే ఉంటే అదే వేయండి.

డీఎల్‌పీలో ఇంకో చిక్కు: ఒకే చిప్పు, దాని ముందర తిరిగే రంగుల చక్రం. తెల్ల చొక్కా నుంచి నల్ల గోడకు కన్ను చటుక్కున తిప్పితే ఎరుపు, పచ్చ, నీలం మెరుపు కనపడుతుంది. కొందరికే తెలుస్తుంది గానీ తెలిసినోళ్ళకు తలనొప్పి. సర్దుబాటు చేసేదేమీ లేదు, ఆ చక్రం లేని త్రీ ఎల్‌సీడీ ప్రొజెక్టరు అడిగి తెచ్చుకోవడమే. దానిలో ఒక మూల గులాబీ, ఒక మూల పచ్చ తిరిగే గుణం ఉండొచ్చు, తెచ్చేముందు ఖాళీ తెల్ల బొమ్మ వేసి చూడండి. అనంతపురం దుమ్ము మీకు చెప్పాల్నా? ఫిల్టరు ముందురోజే దులపండి. లోపల చేరిన ఒక్క ధూళి రేణువు ఈ సినిమాలో యాంకర్ ముఖం మీద బూడిద మచ్చై కూర్చుంటుంది.

---

ఐరిస్, కడప

సెనేటర్ మాట తేలుస్తా. అది వేషం కాదు, ఆయనే. జోసెఫ్ మెకార్తీ పాత్రకు నటుణ్ణి పెట్టలేదు, 1950ల నాటి అసలు ఫుటేజీ వాడినారు. అమెరికాలో విడుదలకు ముందు చూపించినప్పుడు కూడా కొందరు 'ఈ నటుడు అతి చేస్తున్నాడు' అన్నారట, మీ కర్నూలు జనం ఒంటరివాళ్ళు కాదు. ఈ ఒక్క ముక్క సినిమాకు ముందు చెప్పకపోతే సగం సినిమా చెడుతుంది.

మసక ఎందుకంటే, వీడియో టేపు అమ్మకానికొచ్చింది 1956లో. అంతకుముందు లైవ్ ప్రసారాన్ని దాచాలంటే టీవీ మానిటరు ముందు ఫిల్మ్ కెమెరా పెట్టి, తెర మీది బొమ్మనే షూట్ చేసేవాళ్ళు. దాన్ని కినెస్కోప్ అంటారు. గీతలు, మెత్తబడిన అంచులు, నుదుటి మీద తెల్లగా కాలిపోయిన వెలుగు అన్నీ దాని గుర్తులే. కాబట్టి షార్ప్‌నెస్ పెంచొద్దు. పెంచితే ఆ గీతలు ముళ్ళలా లేస్తాయి, కొత్తగా తీసిన భాగంలో ముఖాల చుట్టూ తెల్ల గీత పడుతుంది.

ఇక కొత్తగా తీసిన భాగం. రాబర్ట్ ఎల్స్‌విట్ కెమెరా. తెలుపు నలుపు ఫిల్మ్ మీద తీసింది కాదిది. రంగుల ఫిల్మ్ మీద తీసి తర్వాత రంగు తీసేసినారు. రంగుల ఫిల్మ్‌కు వేగం ఎక్కువ, తక్కువ దీపాలతో పని జరుగుతుంది. సెట్లు మాత్రం బూడిద షేడ్లలో కట్టినారు. కారణం సులువు: ఎరుపు చీర, ఆకుపచ్చ గోడ కంటికి ఆమడదూరం, రంగు తీసేస్తే రెండూ ఒకే బూడిదలో కలిసి మనిషి గోడలోకి దూరిపోతుంది. సెట్టే బూడిదలో ఉంటే తేడా అక్కడికక్కడే కనపడుతుంది. పాత తెలుగు స్టూడియోల్లో ఈ లెక్క నోటికి వచ్చినోళ్ళుండేవాళ్ళు. మన తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి 1957లో తీసిన 'మాయాబజార్'లో కెమెరామన్ మార్కస్ బార్‌ట్లే పనితనం చూడండి, నగ వేరు, బట్ట వేరు, గోడ వేరు. 2010లో రంగులు పూసిన ప్రింటులో ఆ లోతు పలచబడిందని నా అభిప్రాయం. దానికిక్కడ గొడవ పెట్టుకోవద్దు.

పాటలామె డయాన్ రీవ్స్, జాజ్ గాయని. పక్క స్టూడియోలో రికార్డింగు జరుగుతున్నట్టు చూపించి, ఒక సంఘటనకూ మరొక దానికీ మధ్య ఊపిరి తీసుకునే జాగా కల్పించినారు. కథతో చుట్టరికం లేదు, వెతకొద్దు.

---

పాత పేపరు, కర్నూలు

పెద్దాయన అనుమానం న్యాయమైందే. సినిమా చూసి ఎడ్వర్డ్ మర్రో ఒక్కడే మెకార్తీని కూల్చినాడనుకుంటే పొరపాటు. వరుస ఇది.

1950 ఫిబ్రవరిలో వీలింగ్ అనే ఊర్లో, విదేశాంగ శాఖలో కమ్యూనిస్టులున్నారు, జాబితా నా చేతిలో ఉందని మెకార్తీ ప్రసంగించినాడు. అక్కడ మొదలు. సీబీఎస్ టీవీ సంస్థలో మర్రో, నిర్మాత ఫ్రెడ్ ఫ్రెండ్లీ కలిసి చేసే ప్రోగ్రాము 'సీ ఇట్ నౌ' 1953 అక్టోబర్ 20న మైలో రాడులోవిచ్ కేసు ఎత్తుకుంది. ఎయిర్‌ఫోర్స్ రిజర్వు లెఫ్టినెంటు. అతని తప్పేంటంటే నాన్న, తోడబుట్టినామె ఏం చదువుతారు, ఏం నమ్ముతారు అన్నది. ఆరోపణలు మూసిన కవరులో ఉన్నాయి, తెరవనివ్వలేదు. ఆ కవరు సీన్ జనానికి అందితే మిగతా సినిమా అందినట్టే. మన ఊర్లో కాగితం చూపించకుండా 'నీ మీద కంప్లైంటు ఉంది' అన్నమాటతో పోల్చి చెప్పండి, వెంటనే పట్టుకుంటారు.

1954 మార్చి 9న అసలు ఎపిసోడ్. ఎక్కువ భాగం మెకార్తీ సొంత మాటలే, ఒకదాని పక్కన ఒకటి పెట్టినారు. దాని గురించి పత్రికలో ప్రకటనకు మర్రో, ఫ్రెండ్లీ సొంత డబ్బు 1500 డాలర్లు కట్టినారు. మార్చి 16న, కమ్యూనిస్టన్న ఆరోపణ మీద మెకార్తీ కమిటీ పిలిపించిన సైన్యం ఉద్యోగిని ఆనీ లీ మాస్ విచారణ మీద ఎపిసోడ్, ఏప్రిల్ 6న అదే ప్రోగ్రాములో మెకార్తీ జవాబు.

సినిమా చిన్నగా చేసిందేమంటే ఇది: అదే మార్చి 9న సెనేట్‌లో సొంత పార్టీ సభ్యుడు రాల్ఫ్ ఫ్లాండర్స్ మెకార్తీని ఎండగట్టినాడు. రెండు రోజులకు, 11న, మెకార్తీ మనుషులు సైన్యంలో చేరిన తమవాడికి రాయితీల కోసం ఒత్తిడి తెచ్చినారని సైన్యం చిట్టా బయటపెట్టింది. ఏప్రిల్ 22 నుంచి జూన్ 17 దాకా ఆ గొడవ మీద సెనేట్ విచారణలు టీవీలో లైవ్‌గా వచ్చినాయి, జనం ఆయన్ని గంటల తరబడి చూసినారు. దెబ్బ అక్కడ గట్టిగా తగిలింది. డిసెంబర్ 2న 67-22 ఓట్లతో సెనేట్ అభిశంసించింది. పదవి మాత్రం పోలేదు, 1957లో చనిపోయేదాకా సెనేటరే. పడిపోయింది పలుకుబడి.

ఆనీ లీ మాస్ విషయంలో ఒక మెలిక: కమ్యూనిస్టు పార్టీ రికార్డుల్లో ఆమె పేరు ఉందని 1958లో ఒక ప్రభుత్వ బోర్డు తేల్చింది. సినిమా ఆ జోలికి పోలేదు. అయినా మర్రో వాదన ఆమె అమాయకురాలని కాదు, ఆరోపించినవాణ్ణి ఎదురుగా చూసే హక్కు ఆమెకు లేదా అని. చర్చలో ఎవరో ఒకరు దీన్ని ఎత్తుతారు, సిద్ధంగా ఉండండి.

ఈ తేదీలన్నీ చదివి వినిపించొద్దు, జనం లేచిపోతారు. అర పేజీ కాగితంలో నాలుగు ముఖాలు ఇవ్వండి: మర్రో (డేవిడ్ స్ట్రాథెర్న్), ఫ్రెండ్లీ (క్లూనీ), సీబీఎస్ అధిపతి విలియం పేలీ (ఫ్రాంక్ లాంజెల్లా), న్యూస్ యాంకర్ డాన్ హాలెన్‌బెక్ (రే వైజ్). హాలెన్‌బెక్ ఎవరో ముందే తెలియకపోతే అతని సంగతి వచ్చినప్పుడు హాలంతా పక్కవాణ్ణి అడుగుతుంటుంది.

---

బురుజు నీడ, కర్నూలు

అందరికీ దండాలు. గోడ సంగతి నిజమే, పోయిన సంక్రాంతికి కొట్టిన సున్నం. ఒత్తులు, ఆలస్యం, మాటలు వినపడకపోవడం ఇంకా మిగిలినాయి.

---

రెండో వరుస, ప్రొద్దుటూరు

సగం సినిమాకొచ్చేసరికి సబ్‌టైటిల్ ఆలస్యమైందన్నారు కదా, అది క్రమంగా పెరిగిందంటే ఫ్రేమ్ లెక్క తేడా. ఫైల్ సెకనుకు 25 ఫ్రేములది, సబ్‌టైటిల్ 23.976కు చేసింది అయ్యుంటుంది. పది నిమిషాలకు 25 సెకన్ల చొప్పున వెనకబడుతుంది. ప్లేయర్లో ముందుకూ వెనక్కూ జరిపితే ఆ నిమిషానికి అతుకుతుంది, మళ్ళీ జారుతుంది. సబ్‌టైటిల్ ఎడిటర్‌లో ఫ్రేమ్ రేటు మార్పు ఒక్కసారి కొట్టండి. మొదటి డైలాగు, ఆఖరి డైలాగు రెండూ అతికితే నడుమ అన్నీ అతుకుతాయి.

ఒత్తులు ఊడిపోవడం ప్లేయరు పని. తెలుగు అక్షరాలను కూర్చడం పాత ప్లేయర్లకు, టీవీలకు రాదు. డబ్బాలు కనపడితే తెలుగు ఫాంటు లేనట్టు, పిచ్చి గుర్తులు కనపడితే మాత్రం ఎస్‌ఆర్‌టీ (సబ్‌టైటిల్) ఫైల్ అన్ని భాషల అక్షరాలు పట్టే యూటీఎఫ్-8లో సేవ్ కాలేదు. నమ్మకమైన దారి ఏమంటే అక్షరాలను బొమ్మలోనే కాల్చేయడం. ముందు రెండు నిమిషాల ముక్క చేసి 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి మాటలు సరిగ్గా వచ్చినాయేమో చూసుకోండి. రంగు పసుపు వద్దు, ఈ సినిమాలో కన్నంతా దాని మీదనే ఉంటుంది. పచ్చి తెలుపూ వద్దు, తెల్ల చొక్కాల మీద మాయమవుతుంది. లేత బూడిద, చుట్టూ నల్ల అంచు. ఇద్దరు ఒకేసారి మాట్లాడేచోట ఇద్దరి మాటా ఎక్కించబోకండి, కథ నడిపే మాట ఒక్కటి రాయండి. ఆఫీసు గోల గోలగానే ఉండాలని తీసినారు దాన్ని.

వినపడకపోవడంలో సగం ఆ గోల, సగం మీ రెండు స్పీకర్లు. సౌండ్ 5.1 (ఆరు చానెళ్ళ) ట్రాకు అయితే మాటలు నడిమి చానెల్‌లో ఉంటాయి, రెండు స్పీకర్లకు కలిపేటప్పుడు అవి తగ్గి సంగీతం మీదికొస్తుంది. డిస్క్‌లో స్టీరియో ట్రాకు ఉంటే అది ఎంచుకోండి. మిక్సర్లో బేస్ తగ్గించి రెండు నుంచి నాలుగు కిలోహెర్ట్జ్ దగ్గర కాస్త ఎత్తండి. ఖాళీ సిమెంటు హాలైతే నేల మీద జంపఖానాలు పరచండి, వెనక గోడకు దుప్పట్లు వేలాడదీయండి. వాల్యూమ్ పెంచితే ప్రతిధ్వనే పెరుగుతుంది.

ఇంకోటి, ఓటీటీ సభ్యత్వం ఇంట్లో చూసుకోడానికే. పదిమందికి వేయాలంటే హక్కులున్నవాళ్ళ అనుమతి కాగితం చేతిలో ఉంచుకోండి.

---

దీపం కింద, అనంతపురం

కరెంటు సంగతి మర్చిపోయినా. 300 వాట్ల ప్రొజెక్టరుకు 600 వీఏ యూపీఎస్ అంచు మీద నిలబడుతుంది, 1 కేవీఏ పెట్టండి. పోయిన వెంటనే వచ్చినా వేడి లాంపు మళ్ళీ వెలగడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆపకుండా స్విచ్ నొక్కుతుంటే లాంపు ఆయుష్షే తగ్గుతుంది.

లైట్ల దగ్గర నిలబడేవాళ్ళకు ఒక మాట. ఈ సినిమా 1958లో షికాగోలో మర్రో చేసిన ప్రసంగంతో మొదలై, దానితోనే ముగుస్తుంది. టీవీ చదువు చెప్పగలదు, వాడకపోతే అది తీగలూ దీపాలూ ఉన్న పెట్టె అంతే అంటాడు. గెలుపు సంబరం లేదు. కర్నూల్లో ఎట్లనో గానీ మామూలుగా అప్పుడే ఎవరో ఇంకా ఉందా అంటూ లైట్లు వేస్తారు. పేర్లు పూర్తిగా పడిపోయేదాకా స్విచ్ ముట్టుకోవద్దని చెప్పి పెట్టండి.